‘మసాన్’ పాటలు: ఇండియన్ ఓషన్ ఆల్బమ్‌పై సమీక్ష

1990లో ఢిల్లీలో మొదలైన ఇండియన్ ఓషన్ బ్యాండ్ పేరు విజయవాడలో తెలిసినవారు తక్కువే గానీ, ఆ బ్యాండ్ అని తెలియకుండానే వారి పాటలను హిందీ సినిమాల్లో విని ఇష్టపడినవారు ఇక్కడా ఉన్నారు. 2015లో నీరజ్ ఘేవాన్ తీసిన ‘మసాన్’కు వారు చేసిన ఆల్బమ్‌లో ఉన్నవి మూడే పాటలు. వాటిలో ‘తూ కిసీ రేల్ సీ’ ఒక్కటి చాలు, ఆల్బమ్ మొత్తాన్ని నిలబెట్టడానికి.

ఆ పాట పల్లవి హిందీ కవి దుష్యంత్ కుమార్ గజల్ నుంచి తీసుకున్నది; మిగతాది వరుణ్ గ్రోవర్ రాశారు. నువ్వు రైలులా సాగిపోతుంటే నేను వంతెనలా కంపించిపోతున్నానని ప్రియుడు చెప్పుకునే మాట అది. సీతానగరం వైపు కృష్ణ ఒడ్డున నిలబడి, గూడ్సు బండి వంతెన ఎక్కగానే గర్డర్లు ఒకదాని వెంట ఒకటి అదరడం, బండి దాటిపోయాక కూడా ఆ మోత కాసేపు చెవుల్లో ఉండిపోవడం ఎరిగిన మనవాళ్లకు ఈ పోలికను ఎవరూ విడమరిచి చెప్పనక్కరలేదు. బ్యాండులో పాడేవారు ఉండగా బయటి గాయకుడైన స్వానంద్ కిర్కిరేకు ఈ పాట అప్పగించడం మంచి నిర్ణయం, ఎందుకంటే ఆయన ఎక్కడా గొంతు పెంచి మెప్పించాలని చూడరు.

‘మన్ కస్తూరీ’లో తన పరిమళాన్ని తానే వెతుక్కుంటూ కనుక్కోలేని కస్తూరి మృగం కనిపిస్తుంది. సాహిత్యం బరువైనదే అయినా పాట తత్త్వబోధగా మారకపోవడం విశేషం. ‘భోర్’ ఈ రెండింటి పక్కన మామూలుగా వినిపించింది.

ఈ బ్యాండ్ సినిమా పాటల్లో ముందుగా పేరు తెచ్చుకున్నది ‘బ్లాక్ ఫ్రైడే’లోని ‘బందే’. 1993 బొంబాయి పేలుళ్లపై తీసిన ఆ చిత్రం కోర్టు ఉత్తర్వుల వల్ల నిలిచిపోయి, 2007లో గానీ మన థియేటర్లకు రాలేదు. పీయూష్ మిశ్రా రాసిన ఆ పాటలోని ఆవేశాన్ని ‘మసాన్’లో ఆశించేవారు నిరాశపడవచ్చు. బ్యాండులో తబలా వాయిస్తూనే పాడే అసీమ్ చక్రవర్తి 2009లో మరణించారు, గిటారిస్టు సుస్మిత్ సేన్ 2013లో తప్పుకున్నారు. ఆ ఇద్దరూ లేని లోటు తెలుస్తూనే ఉంటుంది. అయినా హీరో పెదవి కదిపితేనే పాట అనుకునే అలవాటున్న మనకు, తెర వెనకే ఉండి కథను మోసే ఇలాంటి పాటలు వినవలసినవే.

నా లెక్కలో ఈ ఆల్బమ్‌కు ఐదుకు నాలుగు. ఫోన్ స్పీకరులో పెడితే రాహుల్ రామ్ బేస్ గిటార్ ఉన్న సంగతే తెలియదు కనుక ఇయర్‌ఫోన్లతో వినడం మేలు. బ్యాండ్ నచ్చితే తరువాత 2000లో వచ్చిన ‘కందీసా’ ఆల్బమ్ వినండి. సినిమాతో సంబంధం లేని ఆ ఆల్బమ్‌లోని పేరుపాట కేరళ సిరియన్ క్రైస్తవుల ప్రార్థనాగీతం.