ఫార్బర్ వ్యాధికి ఏది మేలు: మూలుగ మార్పిడా, ఎంజైము ఎక్కించడమా?

కందుకూరు నుంచి వరసకు అన్న కొడుకు ఫోన్ చేశాడు. "బాబాయ్, పాపకు ఫార్బర్ వ్యాధి అని తేలింది. మూలుగ మార్పించండని ఒక డాక్టరు అంటున్నారు. ఎంజైము సూది రాబోతోంది, ఆగండని ఇంకొకరు అంటున్నారు. ఏది మేలో మీరే చెప్పండి" అన్నాడు. నెల్లూరులో ముప్పై ఏళ్లు జీవరసాయన శాస్త్రం పాఠాలు చెప్పిన పుణ్యానికి నన్ను అడిగాడు. నేను వైద్యుణ్ని కానని ముందే చెప్పి, తెలిసింది చెప్పాను.

ఈ పిల్లల్లో కొరవడేది ఆసిడ్ సెరమిడేజ్ అనే ఎంజైము. కణంలో లైసోజోము అనే ఆమ్లపు సంచిలో ఉంటూ, సెరమైడ్ అనే కొవ్వును విడగొట్టడం దాని పని. వడ్ల మిల్లులో ఊక ఎత్తేవాడు రాకపోతే నాలుగు రోజుల్లో మిల్లు ఏమవుతుందో మన జిల్లాలో ఎవరికీ వివరించనక్కర్లేదు. ఇక్కడ పేరుకునే ఊక సెరమైడ్. దాంతో కీళ్ల దగ్గర చర్మం కింద గడ్డలు లేస్తాయి, కీళ్లు బిగుసుకుంటాయి, గొంతు బొంగురుపోతుంది. సిడ్నీ ఫార్బర్ అనే అమెరికా వైద్యుడు 1950లలో ఈ మూడింటినీ కలిపి ఒకే వ్యాధిగా గుర్తించాడు. లోపం ఏ ఎంజైముదో 1972లో తెలిసింది. వైద్య పత్రికలకెక్కిన కేసులు ప్రపంచం మొత్తం మీద కొన్ని వందలే. అందుకే మా పాపకు రెండేళ్లు పిల్లల కీళ్లవాతమనుకుని మందులిచ్చారు. వాళ్లను తప్పుపట్టలేను గానీ, ఆ బొంగురు గొంతును ఒక్కరైనా పట్టించుకుని ఉంటే బాగుండేది.

ఇక రెండు దారులు. ఎంజైము ఎక్కించడమంటే రోజుకూలీని పిలవడం. బయట తయారుచేసిన ఎంజైమును రక్తనాళంలోకి ఎక్కిస్తే కణాలు దాన్ని లోపలికి తీసుకుంటాయి. పని అవుతుంది, కానీ కూలీ మళ్లీ మళ్లీ రావాలి, బతికినంత కాలం. ఇలాగే లైసోజోములో కొవ్వు పేరుకునే గౌషర్ వ్యాధికి ఈ పద్ధతి 1991 నుంచి ఉంది. ఫార్బర్ జన్యులోపం ఉన్న ఎలుకల్లోనూ ఫలితం కనిపించింది: సెరమైడ్ తగ్గింది, ఆయుష్షు పెరిగింది. మూలుగ మార్పిడి ప్రమాదాలేవీ ఇందులో లేవు. కాగితం మీద చూస్తే నేనూ దీనికే ఓటేస్తాను. చిక్కల్లా ఒకటే: ఫార్బర్‌కు ఆమోదం పొందిన ఎంజైము మందు మార్కెట్లో లేదు. ఇంకా రాని మందు కోసం పాప కీళ్లు ఆగవు.

మూలుగ మార్పిడి అంటే పనివాణ్ని కుటుంబంతో సహా మిల్లు పక్కనే కాపురం పెట్టించడం. దాత మూలుగ నుంచి పుట్టే రక్తకణాలు ఎంజైమును తయారుచేస్తూనే ఉంటాయి, కొంత పక్క కణాలకూ అందుతుంది. నరాలు దెబ్బతినని పిల్లల్లో గడ్డలు కరిగి, కీళ్లు కదిలి, గొంతు మెరుగైన ఉదాహరణలు నమోదయ్యాయి. మెదడుకు పాకిన పిల్లల్లో మాత్రం గడ్డలు పోయినా నరాల క్షీణత ఆగలేదు. ఎంజైము సూదికీ ఇక్కడే గోడ అడ్డం: రక్తంలోకి ఎక్కించింది మెదడులోకి దాటదు. కాబట్టి రెండింటిలో ఏదని తేల్చుకునే ముందు, పాప నరాలు బాగున్నాయా అన్నది తేలాలి.

మార్పిడి తేలిక కాదు. ముందిచ్చే కీమో మందులు రేపటి సంతాన యోగ్యతను దెబ్బతీయవచ్చు. ఇన్ఫెక్షన్లు, దాత కణాలు పాప శరీరం మీదికే తిరగబడటం, ఇవన్నీ ప్రాణం మీదికి తెచ్చేవే. దాత సంగతిలో ఒక చిత్రం ఉంది. మావాడిది మేనరికం. భార్య సొంత మేనమామ కూతురు. లోపమున్న జన్యువు తల్లిదండ్రులిద్దరి నుంచీ పాపకు రావడానికి ఆ సంబంధమే వీలు కల్పించింది. అదే మేనరికం వల్ల బంధువుల్లో మూలుగ సరిపోయే అవకాశమూ మామూలు కుటుంబాల కంటే ఎక్కువ. పాపకు ఎనిమిదేళ్ల అన్న ఉన్నాడు, ముందు వాడి రక్తం చూడాలి.

మావాడు ఒక పేపరు కటింగు కూడా పంపాడు, ఆసిడ్ సెరమిడేజ్‌ను అడ్డుకునే మందుల గురించి. అది పూర్తిగా తిరగేసిన కథ. ప్రోస్టేట్ క్యాన్సర్, మెలనోమా అనే చర్మ క్యాన్సర్ వంటి వాటిలో ఈ ఎంజైము మితిమీరి ఉంటుంది. కణం చావమని చెప్పే సెరమైడ్‌ను అది తుడిచేయడంతో క్యాన్సర్ కణం బతికిపోతుంది. జపాన్‌లో పేగు క్యాన్సర్‌కు వాడిన కార్మోఫర్ ఈ ఎంజైమును అడ్డుకుంటుందని తర్వాత తేలింది. క్యాన్సర్‌లో అది పనికొస్తే రావచ్చు. పాపకు మాత్రం విషమే. పేరు ఒకటే కదా అని కలపవద్దని గట్టిగా చెప్పాను.

డబ్బు మాట. 2021 నాటి జాతీయ అరుదైన వ్యాధుల విధానం, ఎంజైము మందు లేని లైసోజోము వ్యాధులకు మూలుగ మార్పిడిని ఒకసారి చేస్తే నయమయ్యే చికిత్సల వర్గంలో పెట్టింది. 2022 సవరణతో ఒక్కో రోగికి యాభై లక్షల రూపాయల దాకా సాయం దొరకవచ్చు, అయితే గుర్తించిన కేంద్రాల ద్వారానే. హైదరాబాద్ నిమ్స్ అందులో ఒకటి. కందుకూరు నుంచి చెన్నై దగ్గరైనా, ముందు హైదరాబాద్ బస్సెక్కమన్నాను.

నా మాట ఇది: నరాల పరీక్ష బాగుండి, అన్న మూలుగ సరిపోతే మార్పిడికే వెళ్లాలి. నరాలు అప్పటికే దెబ్బతిని ఉంటే, అంత పెద్ద ప్రమాదంలోకి పాపను నెట్టమని నేను చెప్పలేను.

చివర్లో కోడలు ఫోన్ తీసుకుని తనకు మూడో నెలని చెప్పింది. ఈ బిడ్డకూ వ్యాధి వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. పాప జన్యు మార్పు ఏదో రిపోర్టులో ఉంటే గర్భంలోనే పరీక్ష చేయవచ్చు. ఆ రిపోర్టు ఫోటో ఈ రాత్రికే పంపమన్నాను.