కుందేలుకు ఒంట్లో బాగోలేకపోతే: డాక్టర్‌ని ఇంటికి పిలవాలా, మనమే వెళ్లాలా?

"అక్కా, బుట్టలో పెట్టగానే బిగుసుకుపోతోంది. డాక్టర్‌నే ఇంటికి పిలిస్తే పోదా?" చెన్నైలో కుందేళ్లు, గినీపిగ్‌లు పెంచుకునే తెలుగువాళ్లు నలుగురు కలిస్తే ఈ మాట రాకుండా ఉండదు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. గోళ్లు కత్తిరించడానికి, బరువు చూడటానికి, చెవులు పరీక్షించడానికి ఇంటికి పిలవడమే మేలు. మేత మానేసినా, పళ్ల బాధ వచ్చినా, ఆపరేషన్ అవసరమైనా ఆసుపత్రికే వెళ్లాలి. ఆ దారిలో భయం తగ్గించడం మాత్రం మన చేతుల్లోనే ఉంది.

ఈ జీవాలు వేటకు బలయ్యే జాతి. నొప్పి ఉన్నా బయటపడనివ్వవు. భయమేస్తే అరిచి గోల చేయడం తక్కువ, కదలకుండా కూర్చుండిపోతాయి. చూసేవాళ్లు 'ఎంత బుద్ధిగా ఉందో' అనుకుంటారు. దగ్గరగా చూస్తే చెవులు వీపుకి అతుక్కుని ఉంటాయి, ఒళ్లంతా నేలకి అదుముకుని ఉంటుంది, కళ్లు ఉబ్బి ఉంటాయి, డొక్కలు వేగంగా ఎగసిపడుతుంటాయి. ఆ టెన్షన్ అక్కడితో పోదు. భయానికి పేగుల కదలిక మందగిస్తుంది, దాంతో మేత ముట్టదు, మేత లేక పేగులు ఇంకా మందగిస్తాయి. కుందేలు 12 గంటలు ఏమీ తినకపోతే అది అత్యవసరమే.

ఇంటికి డాక్టర్ వస్తే ప్రయాణం ఉండదు, కుక్కల అరుపులు ఉండవు, చుట్టూ తనకు తెలిసిన వాసనలే. కాకపోతే డాక్టర్ వచ్చాక మంచం కింద దూరిన కుందేలును తరిమి పట్టుకుంటే ఆ మేలంతా పోయినట్టే. అరగంట ముందే ఓ చిన్న చోట సర్దిపెట్టాలి. ఇంటి దగ్గర కాని పనులూ ఉన్నాయి. కుందేలు పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. లోపలి దవడ పళ్లు సరిగా చూడాలంటే పరికరం కావాలి, ఒక్కోసారి మత్తు, ఎక్స్‌రే కూడా కావాలి. అవి బ్యాగులో పట్టుకొచ్చేవి కావు.

ఇంటికైనా ఆసుపత్రికైనా, ఫోన్‌లో మొదట అడగాల్సింది "కుందేళ్లను చూస్తారా?" అని. కుక్కలనూ పిల్లులనూ మాత్రమే చూసే డాక్టర్లు చాలామంది. కుక్కలకు మామూలుగా రాసే అమాక్సిసిలిన్ అనే యాంటీబయాటిక్ నోటి ద్వారా ఇస్తే కుందేలుకు, గినీపిగ్‌కు ప్రాణం మీదికి రావచ్చు. అన్నిటికంటే ముందు ఈ ఒక్క విషయం తేల్చుకోండి.

ఆసుపత్రుల్లో మళ్లీ రెండు దారులు. 1903లో మొదలైన మద్రాసు వెటర్నరీ కాలేజీ వేపేరిలో ఉంది. చిక్కు కేసులకు అలాంటి పెద్ద చోటే నయం. కానీ కుక్కలు, పిల్లులు, పశువులు అన్నీ వచ్చే చోట ఎదురుచూడటమే కుందేలుకు పెద్ద శిక్ష. మామూలు చెకప్‌కి పేటలోని చిన్న క్లినిక్‌లో అపాయింట్‌మెంట్ తీసుకోవడం మేలు, అదీ రోజులో మొదటిది దొరికితే మరీ మంచిది. ఎక్కడికి వెళ్లినా ఇద్దరు వెళ్లండి. ఒకరు లోపల వరుసలో ఉంటే మరొకరు నీడపట్టున, కుక్కలకు దూరంగా క్యారియర్‌తో, అంటే కుందేలును పెట్టి తీసుకెళ్లే పెట్టెతో, ఉండొచ్చు. క్యారియర్‌ను నేలమీద పెట్టొద్దు, ఒళ్లో పెట్టుకోండి. పైన పల్చటి గుడ్డ కప్పండి, గాలి ఆడాలి.

చెన్నైలో అసలు పరీక్ష ప్రయాణమే. రోహిణి కార్తె ఎండకు రోళ్లు పగులుతాయంటారు, ఇక్కడివాళ్లు అగ్ని నక్షత్రం అనేది కూడా మే నెలలోనే. కుందేలు మనలా చెమట పట్టి చల్లబడలేదు, వేడిని ఎక్కువగా చెవుల ద్వారానే వదులుతుంది. 30 డిగ్రీలు దాటితేనే దానికి ఇబ్బంది, 40 అయితే చెప్పనక్కర్లేదు. కాబట్టి బైకు మాటే వద్దు. ఆటోలో కుదుపు, హారన్లు, వడగాలి మూడూ ఉంటాయి. డిసెంబరులో వాన లేని రోజు, దగ్గర్లోని క్లినిక్‌కైతే ఫర్వాలేదు. వేసవిలో మాత్రం డబ్బు ఎక్కువైనా ఏసీ క్యాబే. ఎక్కేముందే ఏసీ వేసి ఉంచమని డ్రైవర్ గారిని అడగండి. పెట్టెను ముందు సీటు వెనక, కాళ్లు పెట్టుకునే చోట పెడితే బ్రేకు వేసినా జారదు, ఏసీ గాలి నేరుగా తగలదు. గడ్డకట్టిన నీళ్ల సీసాను తువాలులో చుట్టి ఓ మూల ఉంచండి. చల్లదనం కావాలంటే అదే పక్కన చేరుతుంది.

క్యారియర్ల గురించి పెద్దగా ఆలోచించక్కర్లేదు. పైనుంచి కూడా తెరుచుకునే గట్టి ప్లాస్టిక్‌దే కొనండి. గుడ్డ సంచీ కొరికేస్తుంది, కుదుపుకు నలుగుతుంది. అట్టపెట్టె తడిస్తే అడుగు ఊడుతుంది. కొన్నాక కొన్ని రోజులు ఎండుగడ్డి వేసి హాల్లో తెరిచి ఉంచండి, తనంతట తనే వెళ్లి కూర్చునేదాకా.

పరీక్ష బల్ల స్టీలుదైతే కాళ్లు జారతాయి. ఆ భయంలో వెనక కాళ్లు బలంగా తన్నితే కుందేలు వెన్నెముక విరిగే ప్రమాదం ఉంది. ఇంట్లో అది పడుకునే తువాలే బల్లమీద పరవండి. గోళ్లు తీసేటప్పుడు వెల్లకిలా తిప్పితే 'హాయిగా పడుకుంది' అంటారు కొందరు. అది హాయి కాదు, భయంతో కొయ్యబారిపోవడం. అలా తిప్పొద్దని మర్యాదగానే చెప్పండి, మంచి డాక్టర్లు ఏమీ అనుకోరు.

జంటగా పెరిగినవైతే ఒక్కదాన్నే తీసుకెళ్లడం కంటే రెండిటినీ తీసుకెళ్లడమే మేలు. పక్కన తోడుంటే ధైర్యం, తిరిగొచ్చాక ఆసుపత్రి వాసనకు ఒకదాన్నొకటి తరుముకోవడమూ ఉండదు.

ఆపరేషన్ రోజు కుక్కలకు చెప్పినట్టే వీటికీ "పొద్దున్నుంచి ఏమీ పెట్టకండి" అంటే మళ్లీ అడగండి. కుందేలు, గినీపిగ్ వాంతి చేసుకోలేవు, వాటిని పస్తు ఉంచకూడదు. ఆసుపత్రికి గడ్డి, కొత్తిమీర వెంట పట్టుకెళ్లండి. మరీ బెదిరే జీవానికి బయల్దేరే ముందు ఇచ్చే మందు డాక్టర్ రాసిస్తారు, పిల్లుల్లోలాగే వీటిలోనూ గాబాపెంటిన్ వాడతారు. మోతాదు మాత్రం డాక్టర్ చెప్పిందే. ఇంటికి వచ్చాక ఎత్తుకుని ముద్దు చేయకుండా వదిలేసి, రాత్రి పడుకునే ముందు ట్రేలో పెంటికలు చూడండి. చిన్నవిగా, తక్కువగా ఉన్నా, అసలే లేకపోయినా, తెల్లారేదాకా ఆగకుండా డాక్టర్‌కి ఫోన్ చేయండి.