బత్తాయి తోటలో సెన్సర్లకు ఏ రూటింగ్ మేలు?

నల్లగొండ దగ్గర పదెకరాల బత్తాయి తోట అనుకోండి. చెట్ల పాదుల్లో అక్కడక్కడ తేమ సెన్సర్లు, బోరు మోటర్ దగ్గర గేట్‌వే, కొలతలన్నీ అక్కడికే చేరాలి. ఒక సెన్సర్ నుంచి ఇంకోదానికి అందుకుంటూ ఏ దారిన చేరాలో తేల్చేదే రూటింగ్. ఇలాంటి ప్రాజెక్టు అనగానే విద్యార్థులు ఏఓడీవీ, లీచ్ అనే రెండు రూటింగ్ పద్ధతుల్ని పక్కపక్కన పెట్టి సిమ్యులేషన్ గ్రాఫ్ గీసి ఏదో ఒకటి గెలిచిందని రాసేస్తారు. నన్నడిగితే ఆ పోటీయే తప్పు.

ఏఓడీవీ 2003లో ఆర్‌ఎఫ్‌సీ (ఇంటర్నెట్ పద్ధతుల్ని వివరించే పత్రం) 3561గా వచ్చింది, కదిలే నోడ్ల కోసం (నోడ్ అంటే నెట్‌వర్క్‌లోని ఒక్కో పరికరం), ఎవరైనా ఎవరితోనైనా మాట్లాడుకోవడం కోసం. దారి కావాల్సినప్పుడల్లా నోడ్ ఒక అభ్యర్థన వదులుతుంది, విన్నవాటిలో దారి తెలియని ప్రతి నోడూ దాన్ని మళ్ళీ చాటుతుంది. రద్దీ వల్ల ప్యాకెట్ పోయినా లింకు తెగిందనుకుని మళ్ళీ అదే చాటింపు మొదలుపెట్టగలదు, అంటే అసలే ఇరుకైన చోట ఇంకాస్త రద్దీ. కదలని చెట్ల కింద ఇదంతా ఎందుకు?

లీచ్ సంగతి వేరు. 2000లో ఎంఐటీ నుంచి హైన్‌జెల్‌మన్ బృందం ఇచ్చింది. నోడ్లను గుంపులు చేసి గుంపుకో పెద్ద నోడ్‌ని పెడుతుంది, ఆ పెద్దరికం వంతులవారీగా మారుతుంది, గుంపులో ఎవరి టైమ్ స్లాట్ వాళ్ళది కాబట్టి ఢీకొట్టుకోవడం తక్కువ. రద్దీ వరకు చూస్తే బాగుంది. కానీ ఏ నోడైనా పవర్ పెంచుకుంటే గేట్‌వేకి నేరుగా అందుతుందని అది ముందే అనుకుంటుంది. వాన పడి తడిసిన ఆకుల మధ్య 2.4 గిగాహెర్ట్జ్ రేడియోతో అది కుదరడం కష్టం. పైగా పెద్ద నోడ్ కొలతలన్నీ కలిపి సారాంశం పంపుతుంది, మనకేమో ఏ డ్రిప్ లైన్ ఎండిందో విడిగా తెలియాలి.

అందుకే ఆ రెండూ కాక నా ఓటు మూడో పద్ధతి ఆర్‌పీఎల్‌కే. 2012 నాటి ఆర్‌ఎఫ్‌సీ 6550. గేట్‌వే నుంచి చెట్టులా దారులు కడుతుంది, అంతా ప్రశాంతంగా ఉంటే కంట్రోల్ మెసేజ్‌లు తగ్గించుకుంటుంది. బలహీనత లేదా అంటే ఉంది: గేట్‌వేకి దగ్గరున్న నోడ్లు తోటంతటి బరువూ మోయాలి, సంక్రాంతికి పంతంగి టోల్‌గేట్ దగ్గర ఆగినవాళ్ళకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. క్యూలు అక్కడే నిండుతాయి, బ్యాటరీలు అక్కడే ముందు అయిపోతాయి. మామూలుగా వాడే ఆర్‌పీఎల్ పద్ధతులు పేరెంట్‌ని, అంటే గేట్‌వే వైపు తన ప్యాకెట్లు అందించే పై నోడ్‌ని, ఎంచుకునేటప్పుడు లింకు నాణ్యతో, దూరమో చూస్తాయి గానీ ఆ పేరెంట్ మీద ఎంత లోడ్ ఉందో చూడవు, దాంతో పిల్ల నోడ్లన్నీ ఒక్కదాని మీదే పడొచ్చు.

ఇంటర్నెట్‌లో ప్యాకెట్లు పోకుండా చేర్చే టీసీపీ పెడితే రద్దీ తగ్గుతుంది కదా అంటారు కొందరు. దానికి 1988లో వాన్ జేకబ్సన్ చెప్పిన పద్ధతి ప్యాకెట్ పోతే రద్దీ అనుకుని వేగం తగ్గిస్తుంది. ఇక్కడ ప్యాకెట్ ఆకుల వల్లా పోవచ్చు. అసలు మందు ఇంకా సులువు. అన్ని నోడ్లూ సరిగ్గా ఆరింటికే లేచి పంపకుండా ఒక్కోదానికి కొన్ని సెకన్ల తేడా పెట్టండి. అరగంటకో చిన్న కొలతకి సెకనుకు 250 కిలోబిట్ల రేడియో ఎంతో ఎక్కువ.

నిజానికి తేమ కొలతలు ఒక్కటే చాలనుకుంటే రూటింగే అక్కర్లేదు. 865–867 మెగాహెర్ట్జ్‌లో లోరా అనే దూరం అందే రేడియో పెట్టి నేరుగా గేట్‌వేకి పంపేయొచ్చు, పదెకరాలకు నేనైతే అదే పెడతా. ఒక్క జాగ్రత్త: లోరాలో అన్నిటికన్నా నెమ్మదైన సెట్టింగు స్ప్రెడింగ్ ఫ్యాక్టర్ 12లో చిన్న ప్యాకెట్టుకే సెకనుకు పైగా పడుతుంది, నోడ్లు పెరిగేకొద్దీ ఢీకొట్టుకుంటాయి. వాల్వ్‌ని వెంటనే మూయించాలన్నా చిక్కే, ఎందుకంటే బ్యాటరీ ఆదా చేసే ‘క్లాస్ ఏ’ రకం నోడ్ తాను పంపాక మాత్రమే కాసేపు వింటుంది. వాల్వ్ మోటర్ పక్కనే ఉంటుంది, కరెంటూ అందుతుంది కాబట్టి దాన్ని ఒక్కదాన్నీ ఎప్పుడూ వింటూనే ఉండే ‘క్లాస్ సీ’లో పెట్టేస్తే సరి.