నాన్నతో అల్సాస్ ద్రాక్షతోటల్లో మూడు రోజుల సైకిల్ యాత్ర

జూన్ 10న నాన్న మా దగ్గరికి జర్మనీలోని ఫ్రైబుర్గ్ వచ్చాడు. మొదటి వారం అందరిలాగే నేనూ కోటలు, చర్చిలు తిప్పాను. నాన్న అన్నీ చూశాడు, బాగున్నాయన్నాడు, ఇంటికొచ్చి బాల్కనీలో కూర్చున్నాడు. ముప్పై ఏళ్ళు బడికి సైకిల్ మీదే వెళ్ళొచ్చిన పంతులు. శంషాబాద్ పక్కన మాకు మూడెకరాల అనాబ్ షాహీ ద్రాక్షతోట ఉండేది. రాతి కడీల మీద పందిరి, ఎండాకాలం దాని కిందే మా చదువులు. ఔటర్ రింగ్ రోడ్డు వచ్చాక ఆ చుట్టుపక్కల తోటలన్నీ ప్లాట్లయ్యాయి, మాది కూడా. మనిషికి సైకిలూ తెలుసు, ద్రాక్షా తెలుసు. రైన్ నది దాటితే రెండూ ఉన్న దారి ఉంది. ఇంత దగ్గర పెట్టుకుని బస్సుల్లో తిప్పుతున్నానేమిటా అనిపించింది.

ఆ దారి ఫ్రాన్స్‌లోని అల్సాస్‌లో ఉంది. వోజ్ కొండల పాదాల వెంబడి మార్లెన్‌హైమ్ నుంచి తాన్ దాకా ద్రాక్షతోటలే. కార్ల కోసం 1953లోనే వైన్ రూట్ అని పేరు పెట్టారు, అది సుమారు 170 కిలోమీటర్లు. సైకిళ్ళ దారి వేరు. ఎక్కువ భాగం తోటల మధ్య ట్రాక్టర్లు తిరిగే సన్నటి సిమెంటు, తారు బాటల మీదే సాగుతుంది. ఇంగ్లండ్ నుంచి ఇటలీ దాకా వెళ్ళే యూరోవెలో 5 అనే పొడవాటి సైకిల్ దారిలో ఇదొక ముక్క. మేం మొత్తం తొక్కలేదు. కోల్మార్ అనే ఊరికి అటూ ఇటూ ఉన్న మధ్య భాగమే, మూడు రోజుల్లో.

నాకు నా సైకిల్ ఉంది. నాన్నకు ఈ-బైక్ అద్దెకు తీసుకున్నాను. షాపు పేరు చెప్పను గానీ అక్కడ జరిగింది చెప్పాలి. బ్యాటరీ ఫుల్ అని చూపించి ఇచ్చారు. పాతిక కిలోమీటర్లకే సగానికి పడిపోయింది. పైగా చార్జర్ ఇవ్వడం మర్చిపోయారు, అడగడం నేనూ మర్చిపోయాను. మొదటి రోజంతా నాకు అదే టెన్షన్. రాత్రి మేం దిగిన ఇంటివాళ్ళ దగ్గర అదే రకం చార్జర్ ఉండబట్టి గట్టెక్కాం. అద్దెకు తీసుకునేటప్పుడు చార్జర్, తాళం, పంక్చర్ కిట్ మూడూ చేతిలోకి వచ్చాకే బయల్దేరండి. ఈ-బైక్ పాతిక కిలోల దాకా ఉంటుంది కాబట్టి బ్యాటరీ అయిపోతే తొక్కడం కాదు, తోయడమే.

శుక్రవారం పొద్దున ఫ్రైబుర్గ్ నుంచి లోకల్ రైల్లో బ్రైజాఖ్ చేరి, అక్కడి నుంచి వంతెన మీదుగా రైన్ దాటాం. జర్మనీ, ఫ్రాన్స్ రెండిట్లోనూ చెల్లే షెంగెన్ వీసా కాబట్టి నాన్నకు వేరే అనుమతి అక్కర్లేదు. పాస్‌పోర్టు మాత్రం దగ్గర ఉండాలి. అయిదారు కిలోమీటర్లకు నఫ్-బ్రిజాక్ వస్తుంది. 1697 ఒప్పందంలో నది అవతలి బ్రైజాఖ్ ఫ్రాన్స్‌కు చేజారితే, దానికి బదులుగా రాజు 14వ లూయీ కోసం కోటలు కట్టే ఇంజనీరు వోబాన్ 1699లో మొదలుపెట్టిన ఎనిమిది మూలల కోట ఊరు. 2008 నుంచి యునెస్కో జాబితాలో ఉంది. ఆకాశం నుంచి చూస్తే నక్షత్రంలా ఉంటుందంటారు. నేల మీద మాత్రం గళ్ళ నోటుబుక్కులా తిన్నటి వీధులు, మధ్యలో ఖాళీ మైదానం. అరగంట చాలు.

అక్కడి నుంచి కోల్మార్ దాకా చదును నేల, మక్కచేన్లు. చూడటానికేమీ లేదు గానీ నాన్నకు ఈ-బైక్ అలవాటు కావడానికి ఇదే సరైన చోటు. కోల్మార్‌లో కాలువ పక్క ఇళ్ళ దగ్గర ఇసుకేస్తే రాలనంత జనం. స్టాట్యూ ఆఫ్ లిబర్టీని చెక్కిన బార్తోల్ది 1834లో పుట్టింది ఈ ఊళ్ళోనే. ఆయన ఇల్లు ఇప్పుడు మ్యూజియం. మేం ఆగింది తక్కువ. గది కూడా కోల్మార్‌లో తీసుకోలేదు, తీసుకోమని మీకూ చెప్పను. ఇంకో ఏడు కిలోమీటర్లు తొక్కితే టుర్క్‌హైమ్. కోట గోడ, మూడు ద్వారాలు, ఒక ద్వారం మీద కొంగల గూడు, సాయంత్రం ఆరు దాటితే ఊరివాళ్ళు తప్ప ఎవరూ ఉండరు.

టుర్క్‌హైమ్‌లో మేం దిగింది ద్రాక్ష రైతుల ఇల్లే, పై అంతస్తులో రెండు గదులు. మెట్లు నిట్టనిలువుగా ఉన్నాయి, మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకు కష్టం. కానీ సైకిళ్ళను పీపాల పక్కన కొట్టంలో పెట్టి తాళం వేసుకోమన్నారు, చార్జర్ ఇచ్చారు, పొద్దున కూగెల్‌హోఫ్ అనే బాదం కేకు పెట్టారు. నాన్న తాగడని తెలిసి ఇంటావిడ వాళ్ళ తోట ద్రాక్షరసం సీసా తెచ్చిపెట్టింది. మూడు రోజుల్లో నేను పెట్టిన డబ్బుల్లో అన్నిటికంటే సార్థకమైనది ఈ ఇంటి అద్దే.

రాత్రి పదింటికి ఆ ఊళ్ళో కావలివాడు బయల్దేరతాడు. మే నుంచి అక్టోబరు దాకా ప్రతి రాత్రీ నల్ల అంగీ, లాంతరు, పొడవాటి బల్లెంతో వీధులు తిరుగుతూ మధ్యమధ్య ఆగి పాట పాడతాడు. దీపాలూ పొయ్యిలూ చూసుకోండని ఊరిని హెచ్చరించే పాత ఆచారం. మాట ఒక్కటి అర్థం కాకపోయినా నాన్న చివరి దాకా వెంట నడిచాడు. చిన్నప్పుడు మా ఊళ్ళో రాత్రిపూట చావిడి నుంచి కావలికారు వేసే కేక గుర్తొచ్చిందట.

శనివారం అసలు దారి. టుర్క్‌హైమ్ నుంచి నీడర్‌మోర్ష్‌విర్, కాట్సెన్‌టాల్ మీదుగా ఎక్కుడు. నీడర్‌మోర్ష్‌విర్ చర్చి శిఖరం తాడు మెలిపెట్టినట్టు తిరిగి ఉంటుంది. ఊరి చివరి ఇంటి గోడ ఎక్కడ ఆగుతుందో ద్రాక్ష అక్కడే మొదలవుతుంది, మధ్యలో ఖాళీ జాగా ఉండదు. ఆ ఎక్కుడు సగంలో నాన్న సైకిల్ దిగి తోట అంచున గొంతుక్కూర్చున్నాడు. అలసిపోయాడేమోనని కంగారుపడి దగ్గరికి పోయాను. తీగ మొదలు పట్టుకుని చూస్తున్నాడు. మన పందిట్లోలా తల మీదికి పాకే తీగ కాదు. నడుమెత్తున మొద్దు, దాని నుంచి అటూ ఇటూ ఒక్కో కొమ్మను విల్లులా వంచి ఇనుప తీగకు కట్టారు. గుత్తుల దగ్గర, పొద్దు తగిలే వైపు ఆకులు గిల్లేశారు. కాయలు ఇంకా పచ్చిశనగలంత ఉన్నాయి. ఆకుల మీద నీలం మరకలు.

"గిది మైలుతుత్తం బిడ్డా, సున్నం కలిపి కొట్టిండ్రు. మన బోర్డో మందే" అన్నాడు, వేలితో తుడిచి చూపిస్తూ.

ఆ పేరు బోర్డో అనే ఫ్రాన్స్ ఊరిదని నేను చెప్పబోతే, ఆ కథంతా నాన్నే నాకు చెప్పాడు. దారి పక్క తీగల మీది పళ్ళు పోయేవాళ్ళు తెంపుకోకుండా అక్కడి రైతులు నీలం ద్రావణం పూసేవాళ్ళట. బూజు తెగులు వచ్చిన ఏడు ఆ తీగలే ఆకు నిలుపుకున్నాయట. మిలార్దే అనే ప్రొఫెసర్ అది గమనించి 1880ల్లో మందుగా తయారుచేశాడు. నలభై ఏళ్ళు నాన్న భుజాన పంపు మోసి కొట్టిన మందు, అది పుట్టిన దేశంలోనే ఇవాళ ఆయన వేలికి అంటింది. ఎంతసేపు కూర్చుంటానంటే అంతసేపు కూర్చోనిచ్చాను.

కైసెర్స్‌బెర్గ్ అందమైన ఊరే. కోట, రాతి వంతెన, 1952 నోబెల్ శాంతి బహుమతి అందుకున్న ఆల్బర్ట్ ష్వైట్జర్ 1875లో పుట్టిన ఇల్లు. తొమ్మిదింటికల్లా చేరితే వీధులు మీవే. పదకొండింటికి టూరు బస్సులు దిగుతాయి.

ఆ తర్వాత సిగోల్స్‌హైమ్. గైడ్‌బుక్కులు ఒక లైనుతో వదిలేస్తాయి గానీ మీరు వదలకండి. ఈ చుట్టుపక్కల ఒక ఊరు బొమ్మరిల్లులా ఉండి, పక్క ఊరు నిన్నమొన్న కట్టినట్టు ఎందుకుంటుందో ఇక్కడ తెలుస్తుంది. రెండో ప్రపంచ యుద్ధంలో, 1944-45 చలికాలంలో కోల్మార్ కోసం జరిగిన పోరులో సిగోల్స్‌హైమ్, బెన్‌విర్, మిటెల్‌విర్, అమెర్ష్‌విర్ నేలమట్టమయ్యాయి. రిక్‌విర్ మిగిలింది. సిగోల్స్‌హైమ్ పైన కొండ మీద సైనికుల శ్మశానం ఉంది, వెయ్యిన్నరకు పైగా సమాధులు. చాలావాటి మీద శిలువలు కావు, ఉత్తర ఆఫ్రికా నుంచి వచ్చి ఫ్రాన్స్ తరఫున పోరాడి చనిపోయిన ముస్లిం సైనికుల రాళ్ళు. ఎక్కుడు గట్టిదే, నేను సైకిల్ తోసుకుంటూ ఎక్కాను. పైనుంచి రైన్ మైదానమంతా కనిపిస్తుంది. మేం తప్ప అక్కడ ఇంకెవరూ లేరు.

రిక్‌విర్ గురించి నా మాట నిక్కచ్చిగా చెప్తాను. 1291 నాటి దోల్దెర్ బురుజు చూడాల్సిందే, కానీ శనివారం మధ్యాహ్నం ఆ వీధిలో సైకిల్ నడిపించడానికి కూడా చోటు లేదు. కాఫీ ఖరీదు, కూర్చోవడానికి కుర్చీ దొరకదు. పావుగంటలో బయటపడి, పక్కనే ఉన్న హునావిర్‌లో రెండు గంటలు గడిపాం. కోటగోడ మధ్య శ్మశానం, దాని మధ్య చర్చి, చుట్టూ ద్రాక్ష. 1687 నుంచి ఆ ఒక్క చర్చిలోనే కాథలిక్కులు, ప్రొటెస్టెంట్లు వంతులవారీగా ప్రార్థన చేసుకుంటున్నారు. ఆ గోడ నీడలో కూర్చుని, ఇంటి దగ్గర చేసుకొచ్చిన సర్వపిండి, పెరుగు తిన్నాం. 1970ల్లో అల్సాస్‌లో కొంగలు పది జంటలు కూడా మిగలకపోతే, 1976లో ఇక్కడే వాటిని పెంచే కేంద్రం పెట్టారు. ఇప్పుడు ఏ ఊరి కప్పు చూసినా గూడే. జూన్ చివర కాబట్టి పిల్లలు గూట్లో నిలబడి రెక్కలు ఆడిస్తున్నాయి.

తిండి, నీళ్ళ సంగతి. హోటళ్ళు పన్నెండు నుంచి రెండు, మళ్ళీ సాయంత్రం ఏడు తర్వాతే. మధ్యలో వంటిల్లు మూసేస్తారు. ఆదివారం బేకరీలు చాలావరకు మధ్యాహ్నానికే కట్టేస్తారు. ఊరి ఫౌంటెన్లన్నిట్లో నీళ్ళు తాగేవి కావు, బోర్డు చూసి పట్టుకోండి. శనివారం నాన్న మాంసం ముట్టడు. ఇక్కడి ఫ్లామెకూష్, అంటే పలచటి రొట్టె మీద మీగడ, ఉల్లిపాయ వేసి కాల్చేది, మామూలుగా పంది మాంసం ముక్కలతో వస్తుంది. "సాఁ లార్దోఁ" అంటే అవి లేకుండా చేసిస్తారు. నాన్నకు నచ్చి రెండోది చెప్పించుకున్నాడు.

రాత్రి బస బెర్గ్‌హైమ్‌లో. చుట్టూ కోటగోడ చెక్కుచెదరకుండా ఉన్న ఊరు, ద్వారం బయట వందల ఏళ్ళ నాటి లిండెన్ చెట్టు. ఊరికి వందకు వంద మార్కులు, మా గదికి పాస్ మార్కులు కూడా వేయలేను. సైకిళ్ళకు చోటుందని బుకింగ్‌లో రాశారు, వచ్చి చూస్తే వీధిలో ఒక ఇనుప కడ్డీ. తలుపు కోడ్ వస్తుందని గంటన్నర బయట నిలబడ్డాం. ఈ-బైక్‌ను నేనూ, దారినపోయే ఒక కుర్రాడూ కలిసి మెట్ల మీదుగా పైకి మోశాం. సైకిళ్ళకు తాళం వేసే గది ఉందా అని మెసేజ్ పెట్టి, జవాబు వచ్చాకే డబ్బు కట్టండి.

ఆదివారం బెర్గ్‌హైమ్ నుంచి సెలెస్టా పది కిలోమీటర్ల లోపే. దారంతా ఎడమ పక్క ఎత్తున ఓ-కోనిగ్స్‌బుర్ కోట కనిపిస్తూనే ఉంటుంది. నిండా బ్యాటరీ ఉంటేనే ఆ కొండ ఎక్కండి, మేం ఎక్కలేదు. సెలెస్టాలో ప్రాంతీయ రైలెక్కాం. సైకిళ్ళకు టికెట్ లేదు, చోటుంటే చాలు. కోల్మార్‌లో దిగి, మధ్యాహ్నం ఎగిస్‌హైమ్. గుండ్రంగా ఒకదాని చుట్టూ ఒకటి తిరిగే వీధులు బాగున్నాయి, జనమూ రిక్‌విర్ అంతే ఉన్నారు. సాయంత్రానికి మళ్ళీ మక్కచేన్లు, రైన్ వంతెన, బ్రైజాఖ్.

రైల్లో నాన్న ఫోన్ తీసి టుర్క్‌హైమ్ ఇంటావిడకు ఏదో మెసేజ్ పెట్టమన్నాడు. కోత ఎప్పుడు మొదలుపెడతారని. నురగ వచ్చే క్రేమాఁ వైన్ కోసం కోసే ద్రాక్షే ముందు, అది యంత్రంతో కాదు చేత్తోనే కోయాలి, ఆగస్టు ఆఖర్లోనో సెప్టెంబరు మొదట్లోనో మొదలవుతుంది, వస్తే కత్తెర ఇస్తాను అని జవాబు వచ్చింది. నాన్న తిరుగు టికెట్ సెప్టెంబరు 5న. ఆగస్టు చివరి వారానికి అదే గది అడిగి పెట్టాను.