వాట్సాప్ మీద తేలే బుడగతో మూడేళ్లు

పర్లాకిమిడిలో మాది సిమెంటు, రేకుల కొట్టు. ఒడియా గలగలా మాట్లాడతాను, చదవడం మాత్రం రాదు. చదువంతా సరిహద్దు అవతల పాతపట్నంలో, తెలుగులో సాగింది. గుమ్మా, కాశీనగర్ వైపు మేస్త్రీలేమో ఆర్డర్లు వాట్సాప్‌లో ఒడియాలో పెడతారు. ఆ గుండ్రటి అక్షరాలు మన అక్షరాలకు చుట్టాల్లాగే ఉంటాయి గానీ ఒక్కటీ నాతో మాట్లాడదు.

మూడేళ్ల కిందట మా మేనల్లుడు ఒక అనువాద యాప్ వేసి, దానికి ఇతర యాప్‌ల పైన కనిపించే అనుమతి ఇచ్చాడు. అప్పటినుంచి స్క్రీన్ అంచున రూపాయి బిళ్లంత బుడగ తేలుతూ ఉంటుంది. మెసేజ్‌ని నొక్కిపట్టి కాపీ చేసి బుడగను తాకితే, అక్కడే చిన్న కిటికీలో తెలుగు వచ్చేస్తుంది. చాట్ వదిలి వెళ్లనక్కర్లేదు. ఎదురుగా బేరగాడు నిలబడి ఉన్నప్పుడు ఆ పది సెకన్లే నాకు లెక్క. చేత్తో రాసి ఫొటో తీసి పంపిన చీటీలు కాపీ కావు, వాటికి పక్క కొట్టు కుర్రాడే దిక్కు. సిమెంటు బ్రాండు పేర్లకు కూడా అర్థం వెతుకుతుందిది, అదో వినోదం.

విసుగూ ఉంది. బుడగ సరిగ్గా పంపే బటన్ మీదకే వచ్చి కూర్చుంటుంది, పక్కకు లాగాలి. నా ఫోన్‌లో బ్యాటరీ పొదుపు పెడితే చెప్పకుండా మాయమవుతుంది. బ్యాంకు యాప్ తెరిచినా కనిపించదు. మొదట పాడైందనుకున్నాను. అది పాడవడం కాదు, 2021లో వచ్చిన ఆండ్రాయిడ్ 12 నుంచి ఏ యాప్ అయినా తన మీద ఇతరుల బుడగలు కనబడకుండా దాచుకోవచ్చు. మంచిదే. దొంగ యాప్‌లు ఇదే అనుమతితో అసలు బ్యాంకు తెర మీద నకిలీ తెర పరిచి పిన్ లాగేస్తాయి.

నాకు డబ్బు పోలేదు గానీ బుద్ధి వచ్చింది. ఉచితంగా దొరికిందని ఒక టార్చ్ యాప్ వేసి, అడిగిన ప్రతిదానికీ సరే అన్నాను. మర్నాటి నుంచి ఏది తెరిచినా దాని మీద ప్రకటనే. టార్చ్‌కి ఇతర యాప్‌ల మీద పనేంటని అప్పుడు తోచలేదు! సెట్టింగ్స్‌లో జాబితా చూస్తే అనుమతి ఉన్నవి ఏడు తేలాయి. అనువాదం ఒక్కటీ ఉంచి మిగతా ఆరూ ఆపేశాను.

నాన్న ఫోన్‌లోనూ పెడదామంటే కుదరలేదు. ఆయనది తక్కువ మెమరీ ఉన్న ఆండ్రాయిడ్ గో ఫోన్. ఆండ్రాయిడ్ 10 నుంచి గో ఫోన్లలో ఈ అనుమతే ఇవ్వరు, పైన తేలే కిటికీలు మెమరీని బాగా తినేస్తాయట. అందుకే ఆయనకొచ్చిన ఒడియా ఆర్డర్లు ఇప్పటికీ నాకు ఫార్వర్డ్ చేసి, కొట్టు లోపలి నుంచి కేకేస్తాడు: “ఏం రాశాడ్రా?”