పీఎఫ్‌సెన్స్‌లో ఏలియాస్: అడ్రసులకు పేర్లు పెట్టుకునే సుఖం, దాని హద్దు

పీఎఫ్‌సెన్స్ అనే ఫైర్‌వాల్ సాఫ్ట్‌వేర్ మాటొస్తే చాలామంది వీపీఎన్ గురించి చెబుతారు. మా ఆడిటర్ ఆఫీసు నుంచి ఇంటర్నెట్‌కు దారిచ్చే గేట్‌వే మీద దాన్ని ఏళ్ల తరబడి నడుపుతున్న నేను మాత్రం ఏలియాస్ (అడ్రసుల గుంపుకు పెట్టుకునే పేరు) కోసమే దాన్ని వదల్లేదు.

ప్రింటర్లు, కెమెరాలు, అకౌంట్స్ సిస్టమ్‌లు, దేనికదిగా ఒక పేరు పెట్టి వాటి ఐపీ అడ్రసులు అందులో వేస్తాను. దేన్ని వదలాలో, దేన్ని ఆపాలో చెప్పే రూల్స్‌లో ఆ పేరే ఉంటుంది. కొత్త కెమెరా వస్తే ఏలియాస్‌లో ఒక లైను చేర్చి అప్లై కొడితే సరిపోతుంది, రూల్స్ జోలికి పోనక్కర్లేదు. పేరు మీద మౌస్ పెడితే లోపలి అడ్రసులు కనిపిస్తాయి. ప్రైవేటు (లోపలి నెట్‌వర్క్‌లలోనే వాడే) అడ్రసులన్నీ ఒకే ఏలియాస్‌లో పెట్టుకునేవాళ్లకు ఒక మాట: 172.16.0.0 పక్కన, వరస ఎంత దూరం పోతుందో చెప్పే అంకెగా వేయాల్సింది /16 కాదు, /12. ఆ వరస 172.31 దాకా పోతుంది.

అంకెల బదులు హోస్ట్‌నేమ్ (సైటు పేరు) ఇచ్చినా తీసుకోవడం నాకు మరీ నచ్చింది. అది ఎక్కడిదాకా పనిచేస్తుందో మాత్రం ఒక 20వ తేదీన, జీఎస్టీ రిటర్నుల ఒత్తిడిలో తెలిసొచ్చింది.

మా అకౌంట్స్ సిస్టమ్‌లకు కొన్ని సైట్లే తెరిచి ఉంచాం. అందులో ఒక బ్యాంకు సైటు ఉంది. ఆ మధ్యాహ్నం ఒక సిస్టమ్‌లో అది తెరుచుకుంటోంది, పక్క సిస్టమ్‌లో లేదు. కాసేపటికి దానంతటదే వచ్చింది, మళ్లీ పోయింది. చలాన్లు కట్టాల్సిన రోజు, అందరికీ టెన్షన్. ఫైర్‌వాల్ లాగ్‌లో ఆగిపోయిన అడ్రసు చూసి, ఒక్కో ఏలియాస్‌లో అప్పుడున్న అడ్రసులు చూపే, డయాగ్నోస్టిక్స్‌లోని టేబుల్స్ పేజీ తెరిచాను. బ్యాంకు ఏలియాస్‌లో ఆ అడ్రసే లేదు.

ప్యాకెట్‌ను ఆపాలా వదలాలా అనేది ఫైర్‌వాల్ అడ్రసు చూసే తేలుస్తుంది, పేరు చూసి కాదు. మనం ఇచ్చిన పేరుకు ఏ అడ్రసులున్నాయో మామూలుగా 5 నిమిషాలకోసారి, పేర్లకు అడ్రసులు చెప్పే డీఎన్‌ఎస్‌ను అడిగి టేబుల్‌లో నింపుకుంటుంది. ఆ బ్యాంకు సైటేమో అడిగినవాళ్లను బట్టి వేర్వేరు అడ్రసులు ఇస్తోంది. పక్క సిస్టమ్‌లో బ్రౌజర్ గేట్‌వేను అడగకుండా, తన ఎన్‌క్రిప్టెడ్ డీఎన్‌ఎస్‌తో నేరుగా బయట అడుగుతోంది. గేట్‌వేకు, బ్రౌజర్‌కు వేర్వేరు జవాబులు వస్తే దారి మూసుకుపోతుంది.

బ్రౌజర్లలో ఆ సెట్టింగ్ ఆపేసి, బయటి డీఎన్‌ఎస్‌కు పోయే 53, 853 పోర్టులు మూసేసి, అందరూ గేట్‌వేనే అడిగేలా చేశాక ఇబ్బంది చాలావరకు తగ్గింది. పూర్తిగా పోలేదు. సైటు అడ్రసు మారినప్పుడు, టేబుల్ మళ్లీ నిండేలోగా ఎప్పుడైనా ఒకసారి తగులుతుంది. ఆ వ్యవధిని అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో తగ్గించుకోవచ్చు.

ఇంకొకటి, పేరు ముందు స్టార్ గుర్తు పెట్టి సబ్‌డొమైన్లన్నీ కలిపేద్దామంటే కుదరదు. సైటు వాడే ప్రతి పేరునూ విడిగా చేర్చాలి. నేను బ్రౌజర్ నెట్‌వర్క్ ట్యాబ్ చూసి ఒక్కొక్కటీ ఏరుకున్నాను.

మాది చిన్న ఆఫీసు. సిస్టమ్‌ల అడ్రసులు మారవు, తెరవాల్సిన సైట్లూ తక్కువే, ఫోన్ల వైఫై వేరుగా ఉంది. అందుకే లోపలి అడ్రసులకు ఏలియాస్‌ను కళ్లు మూసుకుని సిఫార్సు చేస్తాను, బయటి హోస్ట్‌నేమ్‌లకు మాత్రం టేబుల్ చూసే ఓపిక ఉన్నవాళ్లకే. పెద్ద వీడియో సైట్లను పేరు ఇచ్చి ఆపాలనుకునేవాళ్లు డీఎన్‌ఎస్ ఫిల్టరో, ప్రాక్సీయో పెట్టుకోవడం మేలు.