చేతిలోంచి రెండే: ఏడాదిన్నర వాడిన ఒమాహా యాప్ గురించి

ఒమాహా అంటే ఒక రకం పోకర్, దాన్ని సాధన చేసే యాప్ ఇది. షో అయ్యాక గెలిచిందెవరో వెంటనే చెప్పదు. చేతిలోని నాలుగు ముక్కల్లో రెండు, బల్ల మీది ఐదింట్లో మూడు మనమే ముట్టి చూపించాలి. చేతిలోంచి మూడోది ముడితే తీసుకోదు. ఐదూ పెట్టాక, ఇంతకంటే పెద్ద ఆట మన దగ్గర ఉండి ఉంటే అప్పుడు చూపిస్తుంది. ఏడాదిన్నరగా ఇది నా ఫోన్లో ఉందంటే ఈ ఒక్కదాని కోసమే. మిగతావన్నీ ఇలాంటి ఏ యాప్‌లోనైనా ఉండేవే.

అంతకుముందు దీపావళి రాత్రి వనస్థలిపురంలో అన్నయ్య వాళ్లింట్లో జరిగింది చెబితే, ఇది నాకెందుకింత నచ్చిందో అర్థమవుతుంది. పండక్కి చింతపిక్కలతో తీన్‌పత్తి మాకు మామూలే. ఆ ఏడు బావ ఒమాహా ఆడదామన్నాడు. మనిషికి నాలుగు ముక్కలు, బల్ల మీద ఐదు అని రెండు నిమిషాల్లో చెప్పేశాడు. మనిషికి రెండు ముక్కలతో ఆడే పోకర్, టెక్సాస్ హోల్డెమ్, నాకు వచ్చు. రెండుకు బదులు నాలుగు, అంతేగా అనుకున్నాను. బల్ల మీద ఆఠీను రాజు, జాకీ, తొమ్మిది, ఐదు పడ్డాయి, ఇంకోటి ఇస్పేటు మూడు. నా చేతిలో ఆఠీను ఆసు, కళావరు ఆసు, ఇస్పేటు పది, డైమను ఏడు. హోల్డెమ్‌లో చేతిలోంచి ఒక్కటే వాడినా సరే, కాబట్టి ఆఠీను ఆసు ఒక్కటి చాలు, అంతకు మించిన ఫ్లష్ (ఒకే గుర్తువి ఐదు) ఎవరికీ రాదు. ఉన్న పిక్కలన్నీ నెట్టేశాను. వదిన నెమ్మదిగా ఆఠీను నాలుగు, రెండు తీసి పెట్టింది.

"నీ చేతిల ఇంకో ఆఠీను ఏదిరా బామ్మర్దీ?" అన్నాడు బావ.

ఒమాహాలో చేతిలోంచి కచ్చితంగా రెండు వాడాలి, బల్ల మీంచి కచ్చితంగా మూడు. నాకున్న ఆఠీను ఒక్కటే. అంటే నాది ఫ్లష్ కాదు, ఉత్త ఆసుల జత. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పోయినవి చింతపిక్కలే, కానీ ఇరవయ్యేళ్లుగా ముక్కలు పట్టుకుంటున్నవాణ్ణి, అంత చిన్న నియమం దగ్గర బోల్తా పడ్డాను.

మర్నాడు దించుకున్నదే ఈ యాప్. డబ్బుల్లేని ఆట, ఉత్త సాధనకే. పొద్దున ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కితే మియాపూర్ దాకా దాదాపు గంట. సీటు దొరికిన రోజు ఇరవై ఆటలు అయ్యేవి. మొదటి నెలంతా అది నన్ను ఆపుతూనే ఉంది. ఒక ఆట ఇప్పటికీ గుర్తు. బల్ల మీద మూడు రాజులు, రెండు ఎనిమిదులు. నా దగ్గర ఆసు, రాణి, పది, ఆరు. కళ్లెదుట ఫుల్ హౌస్ (ఒకటి మూడు, ఇంకోటి రెండు) ఉంది, బల్ల మీది ఐదూ ముట్టాను. తీసుకోలేదు. మూడు రాజులకు నా ఆసు, రాణి కలిపితే వచ్చేది ట్రయల్, అంటే ఒకేలాంటివి మూడు, మాత్రమే. బల్ల మీదున్న ఫుల్ హౌస్ నాది కాదని వేలికి తెలిసింది ఆ రోజే. నాలుగు ముక్కల్లో జతలు ఆరు, బల్ల మీది ఐదింట్లో మూడేసి పది రకాలు, మొత్తం అరవై కలయికలు. చదివి గుర్తుపెట్టుకుందామంటే నాకు కుదరలేదు. ముట్టి ముట్టి వచ్చింది.

అమ్మకు మాత్రం ఇది అంతగా పనికిరాలేదు. యాప్‌లో తెలుగు లేదు, అది ఒకటి. తీన్‌పత్తిలో కలర్ (ఒకే గుర్తువి) కంటే సీక్వెన్స్ (వరసవి) పెద్దది, పోకర్‌లో ఫ్లష్ కంటే వరసగా వచ్చే స్ట్రెయిట్ చిన్నది. ఎందుకలా అని అమ్మ అడిగింది. యాప్‌లో వరస ఉంది, కారణం లేదు. కాగితం మీద లెక్క వేసి చూపించాను. మూడు ముక్కల్లో సీక్వెన్సులు 720, కలర్లు 1,096. ఐదు ముక్కలకు వచ్చేసరికి స్ట్రెయిట్లు 10,200, ఫ్లష్‌లు 5,108. అరుదైనదే పెద్దది. అమ్మ వెంటనే ఒప్పుకుంది.

మొన్నటి దీపావళికి ముక్కల విషయంలో ఒక్క తప్పూ చెయ్యలేదు. పందెం దగ్గర ఆగిపోయాను. ఒమాహాను ఎక్కువగా పాట్ లిమిట్‌తో ఆడతారు, అంటే కుండలో, బల్ల మధ్య పోగైన పందెంలో, ఉన్నంత వరకే పెంచాలి. కుండలో 100 పిక్కలున్నాయి, వదిన 50 పెట్టింది. నేను ఎంతవరకు పెంచొచ్చు? యాప్‌లో దానికో బటన్ ఉంది, నొక్కితే సరిపోయేది. ఇక్కడ అందరూ నా వైపే చూస్తున్నారు. ముందు వదిన 50కి నా 50 కలిపితే కుండ 200, దాని మీద ఇంకో 200, మొత్తం 250 పెట్టొచ్చని చెప్పింది బావే. ఏడాది పాటు నొక్కిన బటన్ నాకు ఆ లెక్క నేర్పలేదు. ఉచితంగా వచ్చే చిప్స్ కాబట్టి ఎప్పుడు ప్యాక్ చేసి ముక్కలు వదిలెయ్యాలో కూడా నేర్పలేదు. అక్కడ ఓడితే మళ్లీ నిండుతాయి.

కాబట్టి నాలాగా హోల్డెమ్ వచ్చి ఒమాహాలో తడబడేవాళ్లకు, రోజూ గంట ప్రయాణం ఉన్నవాళ్లకు ఇది బాగుంటుందనే అంటాను. ముక్కలే పట్టనివాళ్ల సంగతి నేను చెప్పలేను. డబ్బులు పెట్టి ఆడదామనుకునేవాళ్లు ఈ యాప్ జోలికి రావద్దు. తెలంగాణలో ఆన్‌లైన్ డబ్బు పోకర్ 2017 నుంచీ నిషేధం, 2025లో కేంద్రం కూడా చట్టం చేసింది.

వేసవి సెలవుల్లో మళ్లీ కలుస్తున్నాం. వదిన ఈసారి మనిషికి ఐదు ముక్కలు పంచుదామంటోంది. యాప్‌లో ఆ ఆట లేదు. అందుకే రాత్రి భోజనాలయ్యాక పేకకట్ట తీసి అమ్మా నేనూ ఐదేసి పంచుకుని కూర్చుంటున్నాం. జతలు ఆరు కాస్తా పదయ్యాయి, అరవై కలయికలు వందయ్యాయి. చేతిలోంచి మాత్రం ఇప్పుడూ రెండే.